కావలిలో మా బాబాయి కేబుల్ నెట్‌వర్క్: పాత కాగితాల మీద కొన్ని సందేహాలు

ప్రశ్న (కావలి వాసి)

మా బాబాయి 1993లో కావలిలో మిద్దె మీద డిష్ బిగించి కేబుల్ టీవీ మొదలుపెట్టారు. ఈ మధ్యనే ఆ వ్యాపారాన్ని మా తమ్ముళ్ళకు అప్పగించారు. ఇప్పటికీ ఊళ్ళో అందరూ దాన్ని కేబుల్ ఆఫీసనే అంటారు గానీ, ఆదాయంలో ఎక్కువ భాగం ఇంటర్నెట్ మీదనే వస్తున్నది. ఆయన ట్రంకుపెట్టెలో దాచిన కాగితాల ఆధారంగా ఆ నెట్‌వర్క్ చరిత్రను ఇంట్లోవాళ్ళ కోసం రాసిపెడదామని కూర్చుని, కొన్ని చోట్ల ఆగిపోయాను.

ఏటేటా పోస్టాఫీసులో 500 రూపాయలు కట్టిన రసీదులున్నాయి. టీవీ వ్యాపారానికీ పోస్టాఫీసుకూ సంబంధమేమిటో తెలియడం లేదు. పైగా ఆ రసీదులు 1995 నుంచే ఉన్నాయి. వసూళ్ళ నోటుపుస్తకంలో ఆరువందల పైచిలుకు ఇళ్ళుంటే, అదే ఏడాది ఒక చానెల్ సంస్థకు ఇచ్చిన కాగితంలో నూట ఎనభై ఇళ్ళే కనిపిస్తున్నాయి. 2016 తర్వాత, డిష్‌ల సిగ్నల్‌ను ఇళ్ళకు పంపే కంట్రోల్ రూమ్ కరెంటు బిల్లులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. నోటుపుస్తకంలో పద్నాలుగు ఇళ్ళ ఎదుట ఏళ్ళ తరబడి డబ్బు పడలేదు. వాటిని మొండి బకాయిలుగా భావించి లెక్కలోంచి తీసేశాను. బాబాయిని అడిగితే "అవన్నీ ఇప్పుడెందుకురా" అని మాట దాటేస్తున్నారు. తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు 1 (కందుకూరు మాజీ ఆపరేటర్)

బాబూ, మీ బాబాయి గారు మాట దాటేయడానికి కారణం ఆ నూట ఎనభై అంకెలోనే ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

1993, 94 సంవత్సరాల కాగితాలు లేవని బెంగ పెట్టుకోవద్దు. 1994 సెప్టెంబరు చివర ఆర్డినెన్స్ వచ్చేదాకా మనమీద చట్టమే లేదు. స్టార్, జీ, మద్రాసు నుంచి వచ్చే సన్ టీవీ, మధ్యాహ్నం వీసీఆర్‌లో మనమే వేసే సినిమా ఒకటి: ఆనాటి నెట్‌వర్క్ అంటే దాదాపు అంతే. పాత టీవీలకు ఎనిమిదో పన్నెండో బటన్లు ఉండేవి కాబట్టి అంతకన్నా ఎక్కువ చానెళ్ళు ఇచ్చినా చూసే దారి లేదు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియంత్రణ చట్టం 1995లో వచ్చింది. ప్రతి ఆపరేటరూ తన ప్రాంతపు హెడ్ పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్ దగ్గర నమోదు చేసుకొని, పన్నెండు నెలలకొకసారి దాన్ని పునరుద్ధరించుకోవాలని నియమం పెట్టారు. మా నాన్నగారి తరం రేడియో లైసెన్సు సొమ్ము కట్టింది కూడా పోస్టాఫీసులోనే కనుక మాకు అది వింతగా తోచలేదు. 2025 జనవరిలో నియమాలు మార్చి ఈ నమోదును కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ పోర్టల్‌కు తరలించారు. ఇప్పుడది ఐదేళ్ళు చెల్లుతుంది. అందువల్ల ఆ రసీదులను జాగ్రత్తగా ఉంచండి. మన వృత్తికి మిగిలిన ప్రభుత్వ సాక్ష్యాలు బహుశా అవే.

అదే 1995లో జెమిని, ఈటీవీ రావడంతో, అంతవరకు హోటళ్ళకూ డాబా ఇళ్ళకూ పరిమితమైన కనెక్షన్ కోసం పెంకుటిళ్ళవారు కూడా మా గుమ్మంలో నిలబడ్డారు. తర్వాత పే చానెళ్ళు వచ్చాయి. ఎన్ని ఇళ్ళున్నాయో ఆపరేటర్ చెప్పిన లెక్క మీదే అవి డబ్బు తీసుకునేవి. అనలాగ్ వైరులో ఎవరు చూస్తున్నారో కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాడికే తెలియదు, ఇక ముంబైలో ఉన్నవారికి ఎలా తెలుస్తుంది? కాబట్టి ఆరువందలుంటే నూట ఎనభై చెప్పడం, వాళ్ళు మూడువందలనడం, చివరికి రెండువందల చిల్లరకు ఒప్పందం కుదరడం ఏటా జరిగే తంతు. ఇది న్యాయమని నేను అనను. అయితే వాళ్ళు రేటు వేసేటప్పుడు ఈ కోతను ముందే లెక్కలో వేసుకునేవారన్నది కూడా నిజమే. మీ చరిత్రలో రెండు అంకెలూ రాయండి.

జవాబు 2 (ఒంగోలు ఫైబర్ పనివాడు)

కంట్రోల్ రూమ్ మూతపడడానికి కారణం డిజిటైజేషన్, అంటే పాత అనలాగ్ సిగ్నల్ మాని సెట్‌టాప్ బాక్సుతో వచ్చే డిజిటల్ సిగ్నల్‌కు మారడం. 2011లో చట్టాన్ని సవరించి దేశాన్ని నాలుగు దశలుగా విభజించారు. కావలి, ఒంగోలు, నెల్లూరు వంటి పట్టణాలు మూడో దశలో పడ్డాయి; దానికి గడువు 2015 డిసెంబరు 31. పల్లెలకు పెట్టిన గడువు జరుగుతూ జరుగుతూ 2017 మార్చి 31 దాకా వెళ్ళింది. సిగ్నల్‌కు తాళం వేసే యంత్రాలు, ప్రతి సెట్‌టాప్ బాక్సునూ నంబరుతో నమోదు చేసే సాఫ్ట్‌వేర్ కలిపితే ఖర్చు కోట్లలోకి పోతుంది కాబట్టి, వెయ్యి లోపు ఇళ్ళున్న ఆపరేటర్ తన డిష్‌లు దించేసి పెద్ద సంస్థ నుంచి ఫైబర్ మీద సిగ్నల్ తీసుకోవలసి వచ్చింది. దాంతో కందుకూరు పెద్దాయన చెప్పిన బేరం ముగిసింది. లోకల్ చానెల్ కూడా చాలాచోట్ల అప్పుడే పోయింది. పెళ్ళి శుభాకాంక్షలు, తప్పిపోయిన గేదెల ప్రకటనలు దానితోనే పోయాయి.

ఇంటర్నెట్ సంగతికి వస్తే, టీవీ సిగ్నల్ తెచ్చే పాత కోయాక్సియల్ వైరు మీద బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం సాధ్యమే గాని, దానికి ఇంటి నుంచి వెనక్కి కూడా సిగ్నల్ వచ్చే యాంప్లిఫయర్లు (దారిలో బలహీనపడే సిగ్నల్‌ను పెంచే డబ్బాలు) కావాలి. మన చిన్న ఊళ్ళలో వేసినవన్నీ ఒకవైపు యాంప్లిఫయర్లే. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ యాంప్లిఫయర్‌కు కరెంటు వీధిలో ఏదో ఒక ఇంటి నుంచే తీసుకునేవారు. ఆ ఇంట్లో ఎవరైనా మెయిన్ ఆపితే వీధిలో దాని అవతలి ఇళ్ళన్నిటికీ టీవీ పోయేది.

అందుకని చాలామంది ఆపరేటర్లు మొదట కంప్యూటర్లను కలిపే లాన్ వైరును మిద్దె నుంచి మిద్దెకు లాగారు. అది వంద మీటర్లకు మించి పనిచేయదు కనుక మధ్యమధ్య డేటాను ముందుకు పంపే నెట్‌వర్క్ స్విచ్చు డబ్బాలు పెట్టేవారు. మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి; ఒక్క పిడుగుకు ఒక వరుస స్విచ్చులన్నీ మాడిపోయిన రాత్రులు నాకు గుర్తున్నాయి. ఫైబర్ కరెంటు పారని గాజు పోగు కాబట్టి ఆ బాధ తప్పింది. ఒకే ఫైబర్‌ను పలు ఇళ్ళకు పంచే జీపాన్ పద్ధతిలో ఒకే పోగు 20 కిలోమీటర్ల దాకా సెకనుకు 2.5 గిగాబిట్ల డేటాను మోసుకెళ్తుంది. మధ్యలో కరెంటు అవసరం లేని స్ప్లిట్టరు దాన్ని ఇళ్ళకు పంచుతుంది. అదే పోగు మీద వేరే తరంగదైర్ఘ్యంతో టీవీని కూడా పంపవచ్చు. వైరు మారింది గాని, అది వెళ్ళే స్తంభాల దారి చాలావరకు మీ బాబాయి గారు 1993లో వేసినదే అయి ఉంటుంది. ఒకసారి ఆ దారిని కాగితం మీద గీయించండి.

జవాబు 3 (పొదిలి నుంచి)

పై ఇద్దరూ పట్టణాల గురించి చెప్పారు. మా పడమటి ప్రకాశంలో ఇళ్ళు దూరదూరంగా ఉండడం వల్ల కోయాక్సియల్ వైరు గిట్టుబాటయ్యేది కాదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి నెలకు 149 రూపాయల నుంచి ఇచ్చింది. ఇంటింటికీ కనెక్షన్ వేసే పని మాత్రం స్థానిక ఆపరేటర్లకే మిగిల్చింది. ఆ తర్వాత 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం అమలయ్యేసరికి, వంద చానెళ్ళకు 130 రూపాయలు, పన్నుతో 153.40, దానిపైన పే చానెళ్ళ ధర వేరుగా పడింది. రసీదు చూసి జనం ఆపరేటర్‌నే తిట్టారు. మీ నోటుపుస్తకంలో ఆ ఏడాది ఎన్ని పేర్లు కొట్టివేసి ఉన్నాయో చూడండి. మా ఊళ్ళో టీవీ మానేసి ఇంటర్నెట్ ఉంచుకున్నవారు అప్పుడే మొదలయ్యారు.

కావలి వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఒంగోలు వారి మాట చదివాక నోటుపుస్తకం తీసుకుని బాబాయి దగ్గరకు మళ్ళీ వెళ్ళాను. నేను మొండి బకాయిలనుకున్న ఆ పద్నాలుగు ఇళ్ళూ యాంప్లిఫయర్‌కు కరెంటు ఇచ్చినవేనట. వాళ్ళ దగ్గర ఒక్క నెల కూడా డబ్బు అడగలేదని చెప్పి, ఏ ఇంట్లో డబ్బా ఏ గోడకు ఉండేదో వరుసగా చెప్పుకొచ్చారు. స్తంభాల దారి గీయడానికి రేపు ఉదయం ఆయనే నన్ను బండి మీద ఎక్కించుకొని తిప్పుతానన్నారు.