అమెరికాలో లా చదవాలంటే డిగ్రీలో ఏ సబ్జెక్ట్ ఉండాలి?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ రెండో ఏడాదిలో ఉంది. ఇప్పుడు లా చేస్తానంటోంది. పొలిటికల్ సైన్స్‌కి మారితేనే సీటు వస్తుందని ఎవరో చెప్పారట, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. మారక తప్పదా అండీ?

జవాబు: మారనక్కర్లేదండీ. అక్కడ లా అంటే మామూలుగా డిగ్రీ అయ్యాక చదివే మూడేళ్ల జేడీ (జ్యూరిస్ డాక్టర్) అనే లా డిగ్రీ. బ్యాచిలర్స్ డిగ్రీ అడుగుతారు గానీ, అది ఫలానా సబ్జెక్టులోనే ఉండాలని లేదు. లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ కూడా ఏ ఒక్క మేజర్‌నూ, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టునూ, సిఫారసు చేయదు. పైగా పేటెంట్ లాయర్ల కోసం పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్షకు సైన్స్, ఇంజినీరింగ్ లాంటి టెక్నికల్ చదువు కావాలి. కంప్యూటర్ సైన్స్ అందుకు పనికొస్తుంది. ఎవరో అన్నారని దాన్ని వదిలేయొద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

మీరు పట్టించుకోవాల్సింది గ్రేడ్ల సంగతి. లా స్కూల్ దరఖాస్తుల వ్యవహారం చూసే ఎల్‌శాక్ అనే సంస్థ, అమెరికా కాలేజీల జీపీఏని, అంటే గ్రేడ్ల సగటుని, తన పద్ధతిలో మళ్లీ లెక్కగడుతుంది. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో చేసిన కోర్సులుంటే వాటి గ్రేడ్లూ కలుస్తాయి. ఏదైనా కోర్సు మళ్లీ చదివితే కాలేజీ కొత్త గ్రేడునే లెక్కలోకి తీసుకోవచ్చు. కానీ ట్రాన్‌స్క్రిప్ట్ మీద పాత గ్రేడు, క్రెడిట్లు కనిపిస్తున్నంతవరకు ఎల్‌శాక్ రెండింటినీ కలుపుతుంది. పోనీ తర్వాత ఎంఎస్ చేసి సరిచేసుకుందామంటే, ఆ గ్రేడ్లు ఈ జీపీఏలో చేరవు. అందుకే ఇప్పుడున్న సెమిస్టరే ముఖ్యం.

ప్రశ్న: పెద్ద బరువు దించారండీ. ఎంట్రన్స్‌లో పజిల్స్ ఉంటాయట కదా?

మరొకరి జవాబు: మీరంటున్నవి లా స్కూళ్ల ఎంట్రన్స్ పరీక్ష ఎల్‌శాట్‌లోని లాజిక్ గేమ్స్. 2024 ఆగస్టు నుంచి అవి లేవు. ఇప్పుడు స్కోరుకు లెక్కేసేవి రెండు లాజికల్ రీజనింగ్ సెక్షన్లు, ఒక రీడింగ్ కాంప్రిహెన్షన్. స్కోరు 120 నుంచి 180 మధ్య ఉంటుంది. చాలా స్కూళ్లు జీఆర్ఈ కూడా ఒప్పుకుంటున్నాయి. ఎల్‌శాట్ మొత్తమ్మీద 7 సార్లే రాయనిస్తారు, కాబట్టి ఊరికే రాసి చూద్దామని వెళ్లొద్దు.

ఇంకొక్క మాట. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు పేజీలకు పేజీలు రాసే పని తక్కువ. ఫిలాసఫీయో చరిత్రో, పెద్ద పేపర్లు రాయించే కోర్సు ఒకటి తీసుకోమనండి. దరఖాస్తుకు సిఫారసు లేఖలు కావాలి. ఆమె రాత చదివి, క్లాసులో ఆమె వాదన విన్న ప్రొఫెసర్ ఇచ్చే లేఖకు బలం ఎక్కువ. చిన్న క్లాసైతే ఇంకా మంచిది, ప్రొఫెసర్‌కి పిల్ల బాగా గుర్తుంటుంది.