కప్పు స్పాన్ గోడ బయట నుంచి బయటకా, లోపల నుంచి లోపలకా?

కొత్తిల్లు:
అందరికీ నమస్తే. మా ఇంటి కప్పుకి కట్టె పని మొదలవ్వబోతోంది, ఒక్క విషయం దగ్గర ఇద్దరు రెండు రకాలుగా చెప్తున్నారు, నాకేమో తల తిరిగిపోతోంది. రెండు వైపులా వాలు, మధ్యలో రిడ్జ్ (రెండు వాలులూ పైన కలిసే చోటు), మట్టంగా అడుగు పోతే 6 అంగుళాలు ఎత్తు పెరిగే వాలు. ప్లాన్‌లో ఇంటి వెడల్పు 24 అడుగులు. గోడ మీద ప్లేట్ కట్టె వెడల్పు 5½ అంగుళాలు, రిడ్జ్ పలక మందం 1½ అంగుళాలు. పని చేసే వడ్రంగి ప్లేట్ బయట అంచు నుంచి అవతలి ప్లేట్ బయట అంచుకి పట్టుకుని 24 అడుగులే స్పాన్ (కట్టె దాటాల్సిన దూరం) అంటున్నాడు. ఇంకొకాయన వచ్చి చూసి, ఖాళీగా ఉన్న దూరమే స్పాన్, అంటే 23 అడుగుల 1 అంగుళం, అంటున్నాడు. వాసాలు ఇంకా కొయ్యలేదు, ఎవరి మాట వినాలి?

ఉలిసుత్తి:
మీ వడ్రంగి మాటే వినండి. వాసం కొయ్యడానికి బయట నుంచి బయటకే పట్టాలి, ఇందులో రెండో మాట లేదు. ఎందుకంటే వాసానికి ప్లేట్ మీద కూర్చోడానికి గాడి తీస్తాం కదా, ఆ గాడిలో నిలువు కోత వచ్చి ఆనేది ప్లేట్ బయట ముఖానికి. పొడుగు లెక్క మొదలయ్యేది అక్కడ, ముగిసేది రిడ్జ్ దగ్గర నిలువు కోతలో. చూరుకి బయటికి వదిలేది వేరే, అది తర్వాత కలుపుకోవాలి.

లెక్క చూడండి. 24 అడుగుల్లో సగం 12 అడుగులు, అంటే 144 అంగుళాలు. అందులోంచి రిడ్జ్ మందంలో సగం, ముప్పావు అంగుళం తీసెయ్యాలి, ఇది మట్టంగా తియ్యాలి, వాలు వెంబడి కాదు, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మిగిలింది 143¼. 6 అంగుళాల వాలుకి మట్టం దూరం వాలు వెంబడి 1.118 రెట్లు అవుతుంది, దాంతో గుణిస్తే 160 అంగుళాలకి పిసరు పైన, అంటే 13 అడుగుల 4 అంగుళాలు. అదే ఆయన చెప్పిన 23 అడుగుల 1 అంగుళంతో చేస్తే ఒక్కో వైపు 5½ అంగుళాలు తగ్గుతుంది, వాలులో పడేసరికి వాసం 6 అంగుళాలకి పైనే పొట్టి. పొట్టిగా కోసిన కట్టెని ఎవరూ పొడుగు చెయ్యలేరు అన్నా.

లోపలికొలత:
కోతకైతే ఒప్పుకుంటా. కానీ "రెండో మాట లేదు" అన్నారు చూడండి, అక్కడే నా అభ్యంతరం. ఆ వాసం ఎంత లోతు కట్టెతో వెయ్యాలో ఎలా తేలుస్తారు? ఏ సైజు కట్టె ఎంత దూరం దాటగలదో రాసి ఉండే టేబుల్ (పట్టిక) చూసి కదా. టేబుల్‌లో స్పాన్ అంటే ఆధారం లేకుండా కట్టె గాల్లో ఉన్న దూరం, అదీ మట్టంగా. ఈ ఇంట్లో అది ప్లేట్ లోపలి అంచు నుంచి రిడ్జ్ ముఖం దాకా, 143¼లోంచి 5½ తీస్తే 137¾ అంగుళాలు, దాదాపు పదకొండున్నర అడుగులు. నేను చూసిన ఒక పనిలో వాలు వెంబడి పొడుగు పట్టుకెళ్ళి టేబుల్‌లో పెట్టారు, అక్కర్లేని సైజు కట్టె తెప్పించారు. ఇంకో చోట మొత్తం ఇంటి వెడల్పుకే వాసం సైజు చూశారు. స్పాన్ అని ఒక్క పదం వాడితే జరిగేది ఇదే. ఆ రెండో ఆయన చెప్పిన 23 అడుగుల 1 అంగుళం కూడా ఉత్తది కాదు, ఒక గోడ నుంచి ఇంకో గోడకి అడ్డంగా వేసే సీలింగ్ జాయిస్టుకి అదే స్పాన్.

సెంటర్‌లైన్:
నేను డిజైన్ వైపు నుంచి చెప్తా. ఆధారం మధ్య నుంచి ఆధారం మధ్యకి తీసుకోవడం మంచిది, జాయిస్టుకి 23 అడుగుల 6½ అంగుళాలు అవుతుంది. బరువు ప్లేట్ లోపలి అంచు మీదే దిగదు కదా. లోపలి కొలతతో పోలిస్తే వంపు భారం, అంటే కట్టెని వంచే బలం, 4 శాతం ఎక్కువొస్తుంది, అది మనకి క్షేమం వైపే. వంపు భారం స్పాన్ వర్గంతో పెరుగుతుంది, కట్టె మధ్యలో కిందికి కుంగడం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, స్పాన్ 10 శాతం పెరిగితే భారం 21 శాతం, కుంగడం 46 శాతం. అందుకే ఏ కొలతో రాసిపెట్టకుండా "స్పాన్ ఇంత" అని పక్కవాడికి చెప్పేస్తే నాకు భయం వేస్తుంది.

లోపలికొలత:
సొంతంగా లెక్క కట్టేటప్పుడు మధ్య నుంచి మధ్యకి సరే అండి. కానీ లోపలి కొలత మీద తయారైన టేబుల్‌లోకి ఆ అంకె పట్టుకెళ్ళకూడదు. టేబుల్ పైన ఏ స్పానో రాసి ఉంటుంది, ముందు ఆ లైను చదవాలి.

ఉలిసుత్తి:
సరే, నా మాట సరిచేసుకుంటున్నా, కోతకి బయట కొలత, కట్టె సైజుకి మీ కొలత. అయితే మీరిద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. 24 అనేది ప్లాన్‌లో అంకె. తమ్ముడూ, నువ్వు పైకెక్కి ప్లేట్ దగ్గర కొలిచావా? రెండు చివర్లా, మధ్యలో, మూడు చోట్ల కొలువు. ఇద్దరు పట్టుకోండి, టేపు బిగించి లాగండి, మధ్యలో జోలిలా వేలాడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. టేపు కొక్కెం వంగి ఉంటే దాన్ని నమ్మకు, 10 అంగుళాల గీత అంచుకి పెట్టి పట్టుకుని, వచ్చిన దాంట్లో 10 తీసెయ్యి. గోడ బయట షీట్ కొట్టేసి ఉంటే దాని మందం కొలతలో కలవకూడదు, అర అంగుళం షీట్ రెండు వైపులా కలిస్తే స్పాన్ అంగుళం పెరిగిపోతుంది. ఐమూలలు, అంటే మూల నుంచి ఎదురు మూలకి దూరాలు, కూడా చూడు, రెండూ సమానం రాకపోతే ఇల్లు మూలమట్టానికి లేనట్టే.

కొత్తిల్లు:
ఇప్పుడే దిగొచ్చా. షీట్ ఇంకా కొట్టలేదు. రెండు చివర్లా 24 అడుగుల ½ అంగుళం. మధ్యలో 24 అడుగుల 1¾ అంగుళాలు! ఐమూలలు సమానంగానే ఉన్నాయి. మధ్యలో వాసాలు కొంచెం పొడుగ్గా కోయిస్తే సరిపోతుందా?

సెంటర్‌లైన్:
బలం లెక్కకి అంగుళంపావు పెద్ద తేడా కాదు, ఎక్కడికక్కడ కొలిచి కోస్తే పోతుంది.

ఉలిసుత్తి:
వద్దు వద్దు, గోడ వంకరని వాసాల్లోకి ఎక్కించొద్దు. ఏ జతకి ఆ జత కోస్తే రిడ్జ్ ఎత్తు మారుతుంది, లేదా చూరు అంచు బయటి నుంచి చూస్తే పాములా కనబడుతుంది. ముందు ఏ గోడ పొట్ట వచ్చిందో కనిపెట్టు. ఒకే మందం ఉన్న చెక్కముక్కలు మూడు తీసుకో, రెండు ముక్కలు ప్లేట్ రెండు కొనల దగ్గర బయటి వైపు కొట్టి వాటి మీదుగా దారం బిగించు, మూడో ముక్కని దారానికీ ప్లేట్‌కీ మధ్య జరుపుకుంటూ వెళ్ళు. ముక్క దూరకపోతే గోడ అక్కడ బయటికొచ్చినట్టు, వదులుగా ఉంటే లోపలికి పోయినట్టు. బయటికొచ్చిన చోట పొడుగు పలక ఒకటి ఏటవాలుగా పెట్టి, పైకొన గోడకి, కిందికొన నేల మీద గట్టిగా బిగించిన కట్టెకి కొట్టు. పలక మధ్యలో పొట్టి కట్టె పెట్టి పైకి ఎత్తితే పలక వంగుతుంది, గోడని లోపలికి లాక్కొస్తుంది. వాసాలు, జాయిస్టులు బిగించేదాకా అది తియ్యొద్దు.

కొత్తిల్లు:
అన్నా, ఎడమ గోడే. పలక ఎత్తుతుంటే ప్లేట్ కదలడం కళ్ళారా చూశా, మూడో ముక్క ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివర దాకా దారాన్ని రాసుకుంటూ వెళ్తోంది. మూడు చోట్లా 24 అడుగుల ½ అంగుళం. ఆ అర అంగుళం వదిలెయ్యమంటారా?

లోపలికొలత:
సైజుకి వదిలెయ్యొచ్చు, టేబుల్‌లో దానివల్ల మారేదేం లేదు.

ఉలిసుత్తి:
కోతకి వదలొద్దు. సగం 144¼, ముప్పావు తీస్తే 143½, 1.118తో 160 అంగుళాల 7/16. గాడిలో నిలువు కోత నుంచి రిడ్జ్ కోత దాకా ఇది, చూరు విడిగా. ముందు రెండే వాసాలు కొయ్యి, మధ్యలో రిడ్జ్ పలక ముక్క పెట్టి రెండు చివర్లా, నడుమా ఎత్తి చూడు, కోతలు సందు లేకుండా ఆనితే అందులో ఒకదాని మీద నమూనా అని రాసి మిగతావన్నీ దాంతోనే గీయించు. ఇప్పుడు కోసిన వాసంతో తర్వాతది గీసుకుంటూ పోతే పెన్సిల్ గీత మందం పెరుగుతూ పోతుంది, అన్నిటికీ ఆ మొదటిదే వాడు.