ఏడు కిలోల కుక్కను బండి మీద శ్రీశైలం తీసుకెళ్లడం: ట్యాంకు మీదా, వెనక క్యారియర్ మీదా?

పటమట రైడర్:
అందరికీ నమస్తే. డిసెంబర్ రెండో వారంలో విజయవాడ నుంచి శ్రీశైలం బండి మీద వెళ్తున్నాను. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, దోర్నాల దారి. పోను సుమారు 260 కిలోమీటర్లు. మా బుజ్జిని కూడా తీసుకెళ్తున్నాను. పొమేరియన్, నాలుగేళ్లు, 7 కిలోలు. రోజూ సాయంత్రం బందరు రోడ్డు మీద నా ముందు కూర్చునే తిరుగుతుంది. నేను క్లచ్ పట్టుకోగానే చెవులు వెనక్కి వాల్చి పొట్ట ట్యాంకుకి ఆనించేస్తుంది. నా సందేహం ఒక్కటే. ట్యాంకు మీద బ్యాగు మంచిదా, వెనక క్యారియర్‌కి కట్టే బుట్ట మంచిదా? తీసుకెళ్లాలా వద్దా అని అడగడం లేదు.

చుట్టుగుంట:
7 కిలోలుంటే అది పొమేరియన్ కాదండీ, ఇండియన్ స్పిట్జ్. అసలు పొమేరియన్ మూడున్నర కిలోలు దాటదు. మన దగ్గర తెల్లగా, బొచ్చుగా ఉన్న ప్రతిదాన్నీ పొమేరియన్ అనేస్తారు.

బ్రాడీపేట:
మీరు అడగనన్నదే అడగాలి. బందరు రోడ్డు మీద పావుగంట తిరగడం వేరు, ఆరేడు గంటలు కూర్చోవడం వేరు. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల దగ్గర కొద్దిగా పడుతుంది, మిగతాదంతా నాలుక చాపి రొప్పడంతోనే. ఎదురుగాలిలో అది ఎండకి రొప్పుతోందో భయానికి రొప్పుతోందో బండి నడిపేవాడికి ఎలా తెలుస్తుంది? పడితే మీకు హెల్మెట్ ఉంది, జాకెట్ ఉంది. దానికేముంది?

పటమట రైడర్:
డిసెంబర్ అని రాశాను కదండీ. తెల్లవారుజామున ఐదున్నరకి బయలుదేరతాను. 60 దాటను. ముప్పావుగంటకోసారి ఆపుతాను. నేను ఆపకుండా పోయే మనిషిని కాను.

బ్రాడీపేట:
ముప్పావుగంటకి ఆపాలని దానికి పదో నిమిషంలోనే అనిపిస్తే?

లబ్బీపేట 40:
సత్రాల్లో కుక్కను రానిస్తారా? ముందు అది కనుక్కోండి.

పటమట రైడర్:
సత్రంలో కాదు, సున్నిపెంటలో మా బంధువుల ఇంట్లో దిగుతాం. బుజ్జి అక్కడే ఉంటుంది. గుడికి నేనొక్కడినే వెళ్తాను.

గన్నవరం వెటర్నరీ:
నేను పశువైద్యుణ్ని, అందుకని రాస్తున్నాను. కుక్కకి మామూలుగా ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి, అక్కడి నుంచి వెనక్కి తేవడం కష్టం. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని బండి ప్రయాణానికి అసలు తీసుకెళ్లొద్దు. స్పిట్జ్‌కి ముక్కు పొడుగే, కానీ రెండు పొరల బొచ్చు. చల్లగా ఉంటుందని గుండు చేయించకండి, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది.

బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపండి, నీళ్లు మాత్రం ఇవ్వండి. మెడ పట్టీకి తాడు కట్టి బండికి తగిలించొద్దు, దూకితే మెడకి ఉరి పడుతుంది. ఛాతీ చుట్టూ వచ్చే పట్టీయే వాడండి. కళ్లకి దుమ్ము తగలకుండా చూడాలి.

ఇంకో సంగతి. దోర్నాల దాటాక ఉన్నది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. దేశంలోకెల్లా పెద్దది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు చాలావాటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కుక్కల్లో తిరిగే జబ్బు అది. అందుకే టీకాలన్నీ వేయించి ఉండాలి. అడవిలో దింపొద్దు, మలం వదిలిపెట్టొద్దు. దోర్నాల బయటే చివరి ఆపు పెట్టుకోండి.

పటమట రైడర్:
చాలా థాంక్స్ డాక్టర్ గారూ. టీకాలన్నీ అయ్యాయి. మరి ట్యాంకు మీదా, వెనకా?

చుట్టుగుంట:
ముందే. వెనక పెడితే మీకు కనపడదు.

బ్రాడీపేట:
ముందు పెడితే బ్రేకు పడగానే మీ ఛాతీకీ హ్యాండిల్‌కీ మధ్య నలిగేది అదే. ట్రాఫిక్‌లో ట్యాంకు ఎంత వేడెక్కుతుందో మీ తొడలకి తెలుసు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960, సెక్షన్ 11 చదవండి. బాధ కలిగేలా జంతువుని వాహనంలో తరలిస్తే నేరమే.

లబ్బీపేట 40:
మొదటిసారి ఆ నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఎవరు భయపడతారండీ.

పటమట రైడర్:
నన్ను క్రూరుడంటున్నారా? నాలుగేళ్లలో దాని గోళ్లు కూడా నేనే కత్తిరించాను. ఒక్కసారి రక్తం రాలేదు.

బ్రాడీపేట:
మూడేళ్ల క్రితం, మే నెల. మా పగ్‌కి ఒంట్లో బాగాలేదని ఉదయం పదకొండుకి స్కూటీ మీద కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి బయలుదేరాను. శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు ఆగిపోయాను. తల వంచి చూస్తే నాలుక ఊదా రంగులోకి తిరిగింది. దగ్గర్లో కొబ్బరిబోండాలాయన బకెట్ నీళ్లు పోశాడు. ఆస్పత్రి గేటు దగ్గర నా చేతుల్లోనే పోయింది. ఊళ్లోనే, మూడు కిలోమీటర్ల లోపు. మీరు 260 అంటున్నారు.

పటమట రైడర్:
విని బాధేసింది. కానీ పగ్ వేరు, మే నెల వేరు, ఎండవేళ వేరు. మీ పొరపాటుకి నా కుక్కని ఇంట్లో బంధించమంటే ఎలా?

లబ్బీపేట 40:
అన్నా, ఆ మాట అనాల్సింది కాదు.

బ్రాడీపేట:
అననివ్వండి. పొరపాటే. రోజూ అనుకుంటాను. అందుకే అడుగుతున్నాను, ఈ ప్రయాణం బుజ్జికి కావాలా, మీకు కావాలా? ట్యాంకు మీద కుక్కతో ఫోటో మీకు కావాలి.

పటమట రైడర్:
ఫోటోల కోసం కాదు. బుజ్జికి ముందు చిన్నీ ఉండేది. మా చెల్లి పెళ్లికి ఐదు రోజులు ఊరెళ్లాల్సొచ్చి, కుక్కల్ని డబ్బులకి చూసుకునే చోట వదిలాను. రోజూ ఫోన్ చేస్తే బాగానే తింటోందన్నారు. నాలుగో రోజు రాత్రి ఫోన్ చేసి లేదన్నారు. వెళ్లి చూస్తే గిన్నెలో అన్నం పైన పొర కట్టి ఉంది. మొదటి రోజుదో రెండో రోజుదో. నేను వదిలేశాననుకునే పోయిందది. ఇక జన్మలో ఏ కుక్కనీ వదిలి వెళ్లనని ఆ రోజే అనుకున్నాను. నేనెక్కడుంటే బుజ్జి అక్కడే.

బ్రాడీపేట:
అయితే మీరే ఆగిపోవచ్చుగా? బండి మీద శ్రీశైలం వెళ్లకపోతే ఏమవుతుంది? మా పగ్ పోయాక ఒక వీధి కుక్కని తెచ్చుకున్నాను. రెండున్నరేళ్లయింది. తెనాలిలో మా అమ్మ దగ్గర ఒక్క రాత్రి కూడా ఉండలేదు. కుక్కని పెంచడమంటే మనం కొన్ని మానుకోవడమే.

పటమట రైడర్:
అది మీ కుక్క కోసం కాదండీ. మీ భయం కోసం. మీ అమ్మగారు ఏమనుకుంటున్నారో ఎప్పుడైనా అడిగారా?

బ్రాడీపేట:
అడగలేదు.

చుట్టుగుంట:
ఇద్దరూ కాస్త ఆగండి. ఆదివారం గుంటూరు దాకా వచ్చి వెళ్లి చూడొచ్చు కదా. 35 కిలోమీటర్లు. కుక్క ఎలా ఉందో అదే చెబుతుంది.

గన్నవరం వెటర్నరీ:
మంచి సలహా. ఆగినప్పుడల్లా నీళ్లు పెట్టి చూడండి. మామూలుగా నీళ్లు తాగే కుక్క తాగకుండా మొహం తిప్పుకుంటే టెన్షన్‌లో ఉన్నట్టే. రొప్పడం పది నిమిషాల్లో తగ్గాలి.

పటమట రైడర్:
నిన్న వెళ్లొచ్చాం. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. వారధి దాటేదాకా బాగానే ఉంది. కాజ టోల్ దగ్గర ఆపితే నీళ్లు తాగింది, గడ్డిలో దొర్లింది. గుంటూరులో మిర్చి యార్డు వైపు వెళ్లడం నా తప్పు. టిక్కీల (మిర్చి బస్తాల) లారీ ఒకటి ముందుంది. మనకే దగ్గొస్తుంది, దానికి ఆపకుండా తుమ్ములు, ఆగాక పదకొండు లెక్కపెట్టాను. తడిగుడ్డతో ముక్కు తుడిస్తే గుడ్డకి ఎర్రటి పొడి అంటుకుంది. పావుగంటకి సర్దుకుంది. తిరిగి బయలుదేరేటప్పుడు బ్యాగు జిప్పు తీయగానే తనే ఎక్కింది. కానీ ఎప్పటిలా ముందుకి చూడలేదు. గాలికి వీపు తిప్పి, నా పొట్టలో మొహం పెట్టుకుని కూర్చుంది. మంగళగిరి వచ్చేదాకా తల ఎత్తలేదు.

చుట్టుగుంట:
తనే ఎక్కిందంటే ఇష్టమే కదా.

బ్రాడీపేట:
ఇంటికి వెళ్తామని ఎక్కింది.

పటమట రైడర్:
రాత్రంతా అదే ఆలోచించాను. ఇంటికని ఎక్కిందో, నాతో రావాలని ఎక్కిందో నాకూ తేలడం లేదు. వచ్చే ఆదివారం నరసరావుపేట దాకా వెళ్లి చూస్తాను, యార్డు వైపు పోకుండా.

బ్రాడీపేట:
అక్కడ బండి ఆపి, బ్యాగు తెరిచి, నాలుగడుగులు దూరంగా నిలబడండి. తాడు చేతిలో ఉంచుకోండి కానీ పిలవకండి. బిస్కెట్ చూపించకండి.

పటమట రైడర్:
సరే. ఎక్కకపోతే?

బ్రాడీపేట:
నాకు ఫోన్ చేయండి, నంబరు విడిగా పంపుతాను. మా అన్నయ్య కారు ఉంది, గంటలో వచ్చేస్తాం.