వర్జీనియా బాస్కెట్‌బాల్: మార్చి వస్తే ఈ టీమ్‌కి ఏమవుతుంది? పాతవాళ్లు చెప్పండి

ఫస్టియర్ అమ్మ:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ ఆగస్టులో షార్లట్స్‌విల్‌లో, యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో చేరాడు. అక్కడ ఫ్రెష్‌మన్ అనరట, ఫస్టియర్ అనే అంటారట. ఆ మాట వినగానే ఆ కాలేజీ నాకు సగం సొంతమైపోయింది. వాడికి బాస్కెట్‌బాల్ పిచ్చి. ఫోన్ చేస్తే క్లాసుల గురించి రెండు ముక్కలు, టీమ్ గురించి ఇరవై ముక్కలు. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. వాడితో మాట్లాడ్డానికైనా నేర్చుకుందామని కూర్చుంటే అంతా అయోమయం. ఒకచోట 2019 ఛాంపియన్లు అని ఉంది. ఇంకోచోట టోర్నమెంట్ చరిత్రలో అందరూ నోరెళ్లబెట్టిన ఓటమి వీళ్లదే అని ఉంది. 2019 తర్వాత 2025 దాకా ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో (ఏటా మార్చిలో జరిగే దేశవ్యాప్త కాలేజీల నాకౌట్ పోటీ అట) ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదని మావాడే ఒప్పుకున్నాడు. ఇంతకీ ఇది మంచి టీమా, కాదా? ఎవరైనా మొదట్నుంచీ చెప్పండి, నాకు అర్థమయ్యేలా.

రిచ్‌మండ్‌వాసి:

అక్కా, మంచి టీమే. అందులో అనుమానం పెట్టుకోవద్దు. నేను 2009లో అక్కడ ఎంఎస్‌లో చేరాను. కోచ్ టోనీ బెనెట్ వచ్చిందీ ఆ ఏడాదే. 2024 అక్టోబర్‌లో, సీజన్ ఇంకో మూడు వారాలుందనగా ఆయన రిటైరయ్యేదాకా నేను ఒక్క మార్చి కూడా వదల్లేదు.

ముందు పాత కథ. 1980ల మొదట్లో రాల్ఫ్ శాంప్సన్ ఉండేవాడు, 7 అడుగుల 4 అంగుళాల మనిషి. వరసగా మూడేళ్లు దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాడు. అయినా అతనున్న నాలుగేళ్లలో ఎన్‌సీఏఏ టైటిల్ రాలేదు. 1981లో ఫైనల్ ఫోర్ (అంటే సెమీఫైనల్) దాకా వెళ్లి నార్త్ కరోలినా చేతిలో ఓడారు. 1983లో ఎన్‌సీ స్టేట్ చేతిలో 63-62, ఒక్క పాయింటు. ఆ ఏడాది కప్పు కొట్టింది ఆ ఎన్‌సీ స్టేటే. శాంప్సన్ వెళ్లిపోయాడు, ఇంక అయిపోయిందనుకున్నారు. సరిగ్గా మరుసటి ఏడాది, 1984లో, 7వ సీడ్‌గా (సీడ్ అంటే టోర్నమెంట్‌లో ఇచ్చే ర్యాంకు, ప్రతి విభాగంలో 1 అందరికన్నా బలమైన టీమ్, 16 అందరికన్నా బలహీనమైనది) వెళ్లి మళ్లీ ఫైనల్ ఫోర్! స్టార్ ఆటగాడు ఒలాజువాన్ ఉన్న హ్యూస్టన్‌ని ఓవర్‌టైమ్ దాకా లాగి 49-47తో ఓడారు. ఎదురుచూసినప్పుడు రాదు, ఆశ వదిలేశాక గుమ్మంలో నిలబడుతుంది. ఈ టీమ్‌తో మొదట్నుంచీ ఇదే వరస.

ఇక బెనెట్ కాలం. ఆయన ఆడించేది ప్యాక్ లైన్ డిఫెన్స్, వాళ్ల నాన్న డిక్ బెనెట్ తయారుచేసిన పద్ధతి. బంతి ఉన్నవాడి మీదికి ఒకడు వెళ్తాడు, మిగతా నలుగురూ బుట్ట చుట్టూ దగ్గరగా ముడుచుకుని కాపలా కాస్తారు. లోపలికి దారి దొరకదు. తమ చేతికి బంతి వచ్చినా తొందరపడేవాళ్లు కాదు, 30 సెకన్ల షాట్ క్లాక్‌ని (షాట్ వెయ్యడానికి ఇచ్చే గడువు) చివరిదాకా వాడుకునేవాళ్లు. దాంతో వేరే టీమ్‌ల మ్యాచ్‌లో 70 సార్లు దాడి జరిగితే వీళ్ల మ్యాచ్‌లో 60 సార్లే జరిగేది.

మీకు క్రికెట్ తెలుసు కాబట్టి ఇలా చెప్తాను. ఐదు రోజుల టెస్టులో బలమైన జట్టుని ఓడించడం కష్టం. అదే వాన పడి మ్యాచ్‌ని పది ఓవర్లకి కుదించారనుకోండి, ఎవరైనా గెలవొచ్చు. బెనెట్ కాలంలో వర్జీనియా తన ప్రతి మ్యాచ్‌నీ తానే కుదించుకునేది. సీజన్‌లో ముప్ఫై మ్యాచ్‌లు ఆడితే సగటున వీళ్లదే పైచేయి. మార్చిలో ఒక్కటి ఓడితే ఇంటికే. 2014లో 1వ సీడ్, మిషిగన్ స్టేట్ చేతిలో 61-59. 2016లో మళ్లీ 1వ సీడ్, సిరాక్యూస్ మీద రెండో సగంలో 15 పాయింట్లు ముందుండి కూడా 68-62తో ఓటమి.

ఇక 2018. దీని గురించి చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. 31 గెలుపులు, 2 ఓటములతో దేశంలోనే నంబర్ వన్‌గా వెళ్లారు. మొదటి రౌండ్ షార్లట్‌లో (షార్లట్స్‌విల్ కాదు, నార్త్ కరోలినాలోది). ఎదురుగా 16వ సీడ్ యూఎంబీసీ, మేరీల్యాండ్‌లోని ఒక చిన్న యూనివర్సిటీ. అప్పటిదాకా పురుషుల టోర్నమెంట్‌లో 1వ సీడ్, 16వ సీడ్ 135 సార్లు తలపడితే 135 సార్లూ 1వ సీడే గెలిచింది. మా ఆటగాడు డియాండ్రే హంటర్ మణికట్టు విరిగి ఆడట్లేదన్న దిగులు ఉంది కానీ, ఓడతామని కలలో కూడా అనుకోలేదు. నేనూ మా ఆవిడా రిచ్‌మండ్ నుంచి ఐ-85 మీద కారులో వెళ్లాం, ఆదివారం రెండో రౌండ్‌కి కూడా టికెట్లు కొనుక్కుని మరీ.

హాఫ్‌టైమ్‌కి 21-21. పక్క సీట్లో నారింజ రంగు స్వెటర్‌లో ఒక పెద్దాయన, 'ఏం కాదు, మనది ఎప్పుడూ ఇంతే' అని నా భుజం తట్టారు. ఆ తర్వాతి 20 నిమిషాల్లో యూఎంబీసీ 53 పాయింట్లు కొట్టింది. ఆ సీజన్‌లో ఒక మ్యాచ్ మొత్తానికి మేం ఇచ్చిన సగటే సుమారు 54! జైరస్ లైల్స్ ఒక్కడే 28. ఇంకో మూడు నిమిషాలుందనగా ఆ పెద్దాయన కళ్లజోడు తీసి, మెల్లగా మడిచి, జేబులో పెట్టుకున్నారు. చివరికి 74-54. ఆదివారం దాకా ఆగలేదు, ఆ రాత్రే బయల్దేరాం. ఇల్లు చేరేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

కైల్ గై అనే ఆటగాడు ఆ ఓటమిలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయి ఉన్న తన ఫోటోనే సోషల్ మీడియాలో ప్రొఫైల్ ఫోటోగా పెట్టుకున్నాడు. మర్చిపోకూడదని. 2019 మొదటి రౌండ్‌లో మళ్లీ 16వ సీడ్, గార్డనర్-వెబ్. ఒక దశలో 14 పాయింట్లు వెనక! మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ మ్యాచ్ 71-56తో గట్టెక్కారు.

అక్కడి నుంచి ఏం జరిగిందో చెప్తే కల్పించాననుకుంటారు. ఫైనల్ ఫోర్‌కి వెళ్లే మ్యాచ్, లూయివిల్‌లో పర్డ్యూతో. ఇంకో 5.9 సెకన్లు, 70-67తో పర్డ్యూ ముందుంది. మా టై జెరోమ్‌కి రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే ఇచ్చే షాట్లు, ఒక్కోటి ఒక్క పాయింటు). మొదటిది పడింది, రెండోది తప్పింది. ఆ బంతిని మమాది డియాకిటే గాల్లో వెనక్కి తట్టాడు. అది ఎక్కడికో, సగం గీత అవతలికి వెళ్లిపోయింది. కోర్టులో అందరికన్నా పొట్టి, అప్పటికి ఫస్టియర్, కిహేయ్ క్లార్క్ పరుగెత్తి పట్టుకున్నాడు. ఎదురుగా చెయ్యూపుతూ జెరోమ్ ఉన్నా అతనికివ్వలేదు. దూరంగా డియాకిటేకి కొలిచినట్టు విసిరాడు. డియాకిటే అందుకున్నదీ వదిలిందీ ఒకే ఊపు. బంతి గాల్లో ఉండగా బజర్. 70-70. ఓవర్‌టైమ్‌లో 80-75. ఆ పాస్ నేను వందసార్లు చూసుంటాను, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ తర్వాత సెమీఫైనల్లో ఆబర్న్ మీద ఇంకో 0.6 సెకన్లుందనగా గైకి మూడు ఫ్రీ త్రోలు. రెండు వేశాక అతణ్ణి కంగారుపెట్టడానికి ఆబర్న్ టైమౌట్ తీసుకుంది. వచ్చి మూడోదీ వేశాడు, 63-62. మినియాపొలిస్‌లో ఏప్రిల్ 8న ఫైనల్. టెక్సస్ టెక్ 68-65తో ముందుండగా, ఏడాది కిందట చేతికి కట్టుతో కూర్చున్న హంటర్ చివరి 13 సెకన్లలోపు త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేసి సమం చేశాడు. మొత్తం 27 పాయింట్లు. ఓవర్‌టైమ్‌లో 85-77. మొదటి టైటిల్.

తర్వాత మీ అబ్బాయి చెప్పిందే నిజం. 2020లో కోవిడ్‌తో టోర్నమెంటే రద్దయింది. 2021లో ఒహాయో చేతిలో, 2023లో ఫర్మన్ చేతిలో ఒక్క పాయింటుతో, 2024లో కొలరాడో స్టేట్ చేతిలో 67-42తో ఓడారు. ఆ ఫర్మన్ మ్యాచ్‌లో చివరి క్షణాల్లో బంతి పారేసుకున్నది కిహేయ్ క్లార్కే. ఆ రోజు అతన్ని తిట్టినవాళ్లని నేను క్షమించలేదు. లూయివిల్‌లో ఆ పాస్ వేసిన చెయ్యి అది.

స్కోర్‌బుక్:

పైన చెప్పనివి రెండు ముక్కలు. పోస్ట్‌సీజన్ అంటే ఎన్‌సీఏఏ ఒక్కటే కాదు. అందులో చోటు దక్కని టీమ్‌లు ఎన్‌ఐటీ ఆడతాయి, వర్జీనియా అది 1980లో, 1992లో గెలిచింది. తాము ఆడే లీగ్ ఏసీసీ టోర్నమెంట్ 1976, 2014, 2018లో. 1976లో 6వ సీడ్‌గా వెళ్లి ముగ్గురు పెద్దల్ని వరసగా పడగొట్టారు, మొదటిసారి ఎన్‌సీఏఏకి వెళ్లింది ఆ గెలుపుతోనే.

ఇంకో మాట, నిజాయితీగా. ఆబర్న్ మ్యాచ్ చివర్లో జెరోమ్ డబుల్ డ్రిబుల్ (బంతిని నేలకు కొట్టడం ఆపి మళ్లీ మొదలుపెట్టడం, అది తప్పు) చేశాడు, రెఫరీలు ఈల వెయ్యలేదు. వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. అది కూడా చరిత్రలో భాగమే.

పర్డ్యూ పూర్వ విద్యార్థి:

ఆ 5.9 సెకన్లు నేను ఒక్కసారే చూశాను, చాలు. కార్సెన్ ఎడ్వర్డ్స్ ఆ రాత్రి పది త్రీలు వేశాడు, 42 పాయింట్లు. అలా ఆడినవాడు ఓడిపోవడం ఏ లెక్కకీ అందదు. 2023లో 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో మేం ఓడాం, వర్జీనియా తర్వాత మేమే. అప్పుడు నన్ను నిలబెట్టింది మాత్రం వర్జీనియా 2019. వాళ్లు లేచారు కదా అనుకున్నాను. 2024లో మేం ఫైనల్ దాకా వెళ్లాం, యూకాన్ చేతిలో ఓడినా సరే.

రిచ్‌మండ్‌వాసి:

డబుల్ డ్రిబుల్ నిజమే, ఒప్పుకుంటాను. పర్డ్యూ తమ్ముడూ, ఎడ్వర్డ్స్ అంత బాగా మా మీద ఆడినవాణ్ణి నేను చూడలేదు.

అక్కా, అసలు మాట మర్చిపోయాను. 2025 మార్చిలో కొత్త కోచ్‌గా ర్యాన్ ఓడమ్‌ని తీసుకున్నారు. 2018లో షార్లట్‌లో మమ్మల్ని ఓడించిన యూఎంబీసీ కోచ్ ఆయనే. ఆయన తండ్రి డేవ్ ఓడమ్ 1980లలో వర్జీనియాలో అసిస్టెంట్ కోచ్. ర్యాన్ చిన్నప్పుడు ఇదే టీమ్‌కి బాల్ బాయ్ (బంతులు అందించే కుర్రాడు). మీ అబ్బాయిని ఈ సంగతి తెలుసా అని అడగండి.

ఫస్టియర్ అమ్మ:

అడిగాను. బాల్ బాయ్ సంగతి వాడికి తెలీదు! నేను చెప్తే రెండు నిమిషాలు నోటమాట లేదు. కుదించిన మ్యాచ్ అన్నాక నాకు మొత్తం అర్థమైంది. డియాకిటే షాట్ కూడా చూశాను. షాట్ కన్నా ముందు, ఆ క్లార్క్ పిల్లాడు తలెత్తి ఒక్క క్షణం చూస్తాడు చూడండి, అక్కడే ఆపి ఆపి చూశాను. సెలవులకి మావాడు వచ్చాక 2018 మ్యాచ్ కూడా పక్కన కూర్చుని చూపించమన్నాను. సరే అన్నాడు, రెండో సగం మాత్రం వద్దన్నాడు.