డిగ్రీ సమాజశాస్త్రంలో క్షేత్రపర్యటన తప్పనిసరి కావాలా?

పాత విద్యార్థి:
బి.ఏ.లో మూడేళ్లు సమాజశాస్త్రం చదివాను. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యల మీద వెలువరించిన గ్రంథం గురించి పది మార్కుల జవాబు రాయగలిగాను గానీ, మానవశాస్త్రవేత్త ఎస్.సి.దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో కలిసి హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేటను పరిశీలించి 1955లో ‘ఇండియన్ విలేజ్’ ప్రచురించారన్న సంగతి పట్టా చేతికొచ్చాక తెలిసింది. నేను కొన్న గైడులో ఆ ఊరి పేరే లేదు. ఒక సెమిస్టరును పూర్తిగా ఒక ఊరికో వాడకో కేటాయించి, రాతపరీక్షతో సమానంగా మార్కులివ్వాలన్నది నా వాదన.

జిల్లా కళాశాల అధ్యాపకురాలు:
మా శాఖకు ఉన్నది నేనొక్కదాన్నే. ఒక ఏడాది అరవై మందికి ఇరవై ప్రశ్నల ప్రశ్నావళి ఇచ్చి పంపితే, సగానికి పైగా కట్టలు హాస్టల్ గదిలోనే నిండి వచ్చాయి. వాటి ప్రకారం ఊరంతటికీ నెలకు సరిగ్గా పదివేల ఆదాయమే! సాయంత్రాలు దుకాణాల్లో పనిచేసుకునే పిల్లలకు బస్సు ఛార్జీలు ఎవరిస్తారు? ఆడపిల్లలను తెలియని ఊరికి పంపడానికి ఎన్ని ఇళ్లలో ఒప్పుకుంటారు? తప్పనిసరి చేస్తే దొంగలెక్కలే పెరుగుతాయి.

పీజీ విద్యార్థిని:
మేడమ్, ఆ దొంగలెక్కలకు కారణం ప్రశ్నావళే అనుకుంటాను. నేను మొదటిసారి కాగితాలు పట్టుకుని వెళ్లిన ఇంట్లో, నా తొలి ప్రశ్న పూర్తికాకముందే అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న మామ్మగారు, “ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేమిటి?” అని అడిగారు. ఇంటిపేరు చెప్పాక గానీ మంచినీళ్లు ఇవ్వాలో వద్దో ఆమె తేల్చుకోలేదు. ఆ ముప్పావు నిమిషం మౌనంలో కులం గురించి నాకు తెలిసినంత, ఏ ప్రశ్నావళిలోనూ దొరకలేదు. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్.శ్రీనివాస్ కర్ణాటకలోని రామపుర గ్రామం మీద సిద్ధం చేసుకున్న నోట్సు 1970లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయినా, ప్రధానంగా జ్ఞాపకం మీదనే 1976లో పుస్తకం తెచ్చారంటే, ఆయన అక్కడ కేవలం ప్రశ్నావళి గడులు నింపుకుని రాలేదన్నమాట. అయినా ఊరే కావాలని లేదు; సొంత వీధిలోని టీకొట్టు చాలు, ఛార్జీల బాధా ఉండదు.

జిల్లా కళాశాల అధ్యాపకురాలు:
సొంత వీధి అంటే ఇంట్లోవాళ్లను ఒప్పించగలను. ఇద్దరికి కలిపి నాలుగు పేజీలైతే దిద్దగలను కూడా. సెమిస్టరు మొత్తం అంటే మాత్రం, రెండో అధ్యాపకుణ్ణి నియమించేదాకా ఒప్పుకోను. ఇంకొకటి: ఆ మామ్మగారి ఇంట్లో మంచినీళ్లు దొరకని విద్యార్థి అదే అనుభవాన్ని తరగతిలో అందరి ముందూ చదవవలసి వస్తే ఎలా? దీనికి మీలో ఎవరూ జవాబు చెప్పలేదు.

పాత విద్యార్థి:
నిజమే, నేను ఆలోచించలేదు. బయటికి చదవాలన్న నిబంధన వద్దు. కాగితం మీ ఒక్కరికే ఇవ్వనివ్వండి.