పర్ణశాల పైకప్పు, శృంగధ్వని: మిషన్ బృందానికి సలహా కావాలి

బైబిలులో లేవీయకాండము 23లోని ఏడవ నెల పండుగలను (కొమ్ము ఊదే శృంగధ్వని దినం, ఉపవాసముండే ప్రాయశ్చిత్త దినం, ఆకుల పందిళ్లలో గడిపే పర్ణశాలల పండుగ) 2026లో మిషన్ ఆవరణలో ఆచరించాలనుకునే క్రైస్తవ బృందం మాది. అనుభవమున్నవాళ్లు దయచేసి చెప్పండి.

ముందు పర్ణశాల. కొలత 3 మీటర్లకు 4 మీటర్లు, మూడు వైపులా గుడ్డ గోడలు. గుడ్డ గాలికి ఊగితే యూదు సంప్రదాయంలో ఆ గోడ చెల్లదు కాబట్టి, నేల నుంచి మీటరు ఎత్తు దాకా 20 సెంటీమీటర్లకో తాడు అడ్డంగా బిగిస్తాం. చిక్కంతా పైకప్పుతోనే. కోసిన కొమ్మలూ మట్టలే వెయ్యాలి, ఎండకన్నా నీడ ఎక్కువుండాలి, పైన చెట్టుగానీ స్లాబుగానీ ఉండకూడదు. పచ్చి ఆకు రెండు మూడు రోజుల్లో ముడుచుకుపోయి సందులు పడతాయి. మొదటే మందంగా వేస్తే వాసాలు వంగుతాయి. మూడో రోజున పైన మరో వరస పరిస్తే సరిపోతుందా? వానకు టార్పాలిన్ కప్పినా, లోపల కూర్చునేటప్పుడు తీసెయ్యాలి. ఒక్కరే లాగేసేలా దాన్ని ఎలా అమర్చాలి?

శృంగధ్వని దినం ఈసారి సెప్టెంబరు 12, శనివారం. సనాతన యూదులు సబ్బాతున (శనివారపు విశ్రాంతి దినాన) కొమ్ము ఊదరు, మర్నాడు ఊదుతారు. మేమూ ఆదివారం ఆరాధనలోనే ఊదవచ్చా?

అసలు బెంగ కొత్త విశ్వాసుల గురించి. ప్రాయశ్చిత్త దినాన సుమారు 25 గంటల ఉపవాసం రక్షణకు షరతు అనుకుంటారేమో. క్రీస్తు బలే చాలని చెప్పే హెబ్రీ 9, పండుగలు ఛాయ మాత్రమేనని చెప్పే కొలొస్సయి 2:16-17 ముందే బోధించాలా, ఆ రోజే చదవాలా? ఉపవాసాన్ని పిల్లలకు కాక పెద్దవాళ్లకే పరిమితం చేసినవాళ్లుంటే ఎలా సర్దారో రాయండి.