గుజరాతీ మాట్లాడేవారికి ‘హ్యావ్’ అనే క్రియ అర్థం ఎలా చెప్పాలి?

ప్రశ్న (సూరత్ నుంచి)

మేము సూరత్‌లో లింబాయత్ వైపు ఉంటాం. సాయంత్రం పూట మా ఇంట్లో ఆరుగురు గుజరాతీ ఆడవాళ్ళకు ఇంగ్లీషు నేర్పుతున్నాను. అందరూ గుజరాతీ మాధ్యమంలో చదువుకున్నవారే. ‘గో’, ‘ఈట్’, ‘రైట్’ వంటి క్రియలు చకచకా పట్టేశారు. ‘హ్యావ్’ దగ్గర మాత్రం మూడు వారాలుగా బండి కదలడం లేదు.

మొదటి రోజు చేతిలో పెన్ను పట్టుకుని, ‘ఐ హ్యావ్ ఎ పెన్’ అంటే ‘మారీ పాసే పేన్ ఛే’ అని చెప్పాను. మన ‘నా దగ్గర పెన్ను ఉంది’కి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. అందరూ రాసుకున్నారు. మర్నాడు ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’ అర్థం రాయమన్నాను. ఒకామె ‘మారీ పాసే బే భాఈ ఛే’ అని రాసి, తనే చదువుకుని, ‘పాసే’ మీద పెన్సిల్‌తో రెండు గీతలు కొట్టింది. ‘బెన్, అన్నదమ్ములేమైనా నా చేతిలో పెన్నులా?’ అని అడిగింది. నిజమే, గుజరాతీలో ‘మారే బే భాఈ ఛే’ అనాలి.

నిఘంటువులో ‘ధరావవుం’ అనే మాట కూడా ఉంది. ‘హుం బే భాఈ ధరావుం ఛుం’ అని చదివి వినిపిస్తే ఆరుగురూ అలా ఎవరూ అనరన్నారు. ఆపైన ‘ఐ హ్యావ్ ఫీవర్’ వచ్చింది. అది ‘మనే తావ్ ఛే’ (నాకు జ్వరం ఉంది). ఆ తరువాత ‘ఐ హ్యావ్ టు గో’. ఒకే మాటకు రోజుకో అర్థం చెబుతుంటే వాళ్ళకు నా మీద నమ్మకం పోతుందేమోనని బెంగగా ఉంది. దీనికి ఒక్క అర్థం ఎలా చెప్పాలి?

జవాబు 1 (వడోదర, పదవీ విరమణ చేసిన ఇంగ్లీషు ఉపాధ్యాయుడు)

అమ్మా, ఒక్క అర్థం కోసం వెతకడం మానేయండి. గుజరాతీలో ‘హ్యావ్’కు సాటివచ్చే వాడుక క్రియ లేదు, మన తెలుగులోనూ లేదు. రెండు భాషలూ ‘ఉండు’తోనే పని నడుపుకుంటాయి. ఆ ‘ధరావవుం’ మన ‘కలిగి ఉండు’ లాంటిదే. అర్జీల్లో, ప్రకటనల్లో బాగుంటుంది. ‘నేను ఇద్దరు అన్నదమ్ములను కలిగి ఉన్నాను’ అని ఇంట్లో ఎవరైనా అంటారా?

అసలు చిక్కు కర్త దగ్గర ఉంది. గుజరాతీలో ఉన్న వస్తువే కర్త, క్రియ దాన్ని బట్టే మారుతుంది. జరిగిపోయిన కాలంలో చూడండి: పెన్ను అయితే ‘మారీ పాసే పేన్ హతీ’ (ఉండేది), అన్నదమ్ములైతే ‘మారే బే భాఈ హతా’ (ఉండేవారు). చెప్పేది ఆడవారైనా మగవారైనా ఆ ‘హతీ’, ‘హతా’ మారవు. ఇంగ్లీషులో అది తిరగబడుతుంది. ఎవరికి ఉందో వారు ముందుకొచ్చి కర్త అవుతారు. ‘ఐ’ అయితే ‘హ్యావ్’, ‘షీ’ అయితే ‘హ్యాజ్’. పెన్ను ఒకటైనా పది అయినా క్రియకు పట్టదు. మీ విద్యార్థినులు ‘మై టూ బ్రదర్స్ ఆర్’ అని రాసే ఉంటారు. అది బద్ధకంతో చేసిన తప్పు కాదు. వాళ్ళ భాషలో కర్త ఎవరో దాన్నే అక్కడ పెట్టారు. వాక్యాన్ని అలా తిప్పడం నేర్పండి, అర్థాలు వాటంతట అవే కుదురుకుంటాయి.

జవాబు 2 (సూరత్‌లోనే పుట్టి పెరిగాను, నగరపాలక సంస్థ తెలుగు బడిలో చదివాను)

అక్కా, మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. మన ‘నాకు’ గుజరాతీలో రెండుగా చీలుతుంది. బంధువులకు ‘మారే’, జ్వరానికి ‘మనే’. మనం తెలుగు అలవాటుతో ‘మనే బే భాఈ ఛే’ అనేస్తాం. చిన్నప్పుడు నేనూ అన్నాను, ఎదురింటి బా (పెద్దావిడ) ప్రతిసారీ ఓపికగా దిద్దేది. బోర్డు మీద మూడూ పక్కపక్కన రాయండి: మారీ పాసే, మారే, మనే. మూడింటి కిందా ఒకే ‘ఐ హ్యావ్’ రాయండి. వాళ్ళు మూడు రకాలుగా చెప్పేది ఇంగ్లీషు ఒక్కదానితో సరిపెడుతుందని తెలిస్తే భారం తగ్గుతుంది.

‘హ్యావ్ టు’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘మారే జవుం ఛే’ అంటే వెళ్ళాలని ఉంది. ‘మారే జవుం పడ్‌శే’ అంటే వెళ్ళక తప్పదు. రెండింటిలోనూ ‘మారే’ ఉంది కాబట్టి ఇష్టాన్నీ తప్పనిసరినీ కలిపేస్తారు. ‘హ్యావ్ టు’ను ‘పడ్‌శే’తో ముడిపెట్టండి.

జవాబు 3

లేదు అనడం కూడా ముందే చెప్పండి. గుజరాతీలో ‘ఛే’ తీసి ‘నథీ’ పెడితే చాలు. ఇంగ్లీషులో ‘డోంట్’ అనే కొత్త మాట వచ్చి చేరుతుంది. ‘ఐ నాట్ హ్యావ్ టైమ్’ అనే తప్పు అక్కడే పుడుతుంది. ‘ఐ హ్యావ్ కమ్’ లాంటివి ఇప్పుడే ఎత్తుకోవద్దు. ‘హుం ఆవీ ఛుం’ (నేను వచ్చాను)లో ‘యామ్’ లాంటి ‘ఛుం’ను చూసి ‘ఐ యామ్ కమ్’ అంటారు. అది వేరే పాఠం.

అడిగినవారు మళ్ళీ

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మూడూ పక్కపక్కన రాశాను. ‘మారే’ కింద ‘ఐ హ్యావ్’ అని రాయగానే, గీతలు కొట్టిన ఆమె తన పాత పుస్తకం తెరిచి ఆ పేజీలోనే సరిచేసుకుంది. ‘మనే బే భాఈ’ అని నేనూ ఎన్నిసార్లు అన్నానో! దిద్దితే బాగుండదని పాపం వాళ్ళు ఊరుకున్నారట. ఇకమీదట దిద్దమని గట్టిగా చెప్పాను.

పాఠం మధ్యలో ఆమెకు ఇంటి నుంచి ఫోను వచ్చింది. పెట్టేసి, చెప్పులు వేసుకుంటూ ఒక్క క్షణం ఆగి, వేళ్ళతో ఏదో లెక్కపెట్టుకుని, ‘మై సన్ హ్యాజ్ ఫీవర్. ఐ హ్యావ్ టు గో’ అంది. నేను సరేననేలోపే మెట్లు దిగి వెళ్ళిపోయింది.